సారమ్మగారి దోనె బండి

మా ఇంట్లో పూర్తయిన పని ఒక్కటీ లేదు. తొంభై తొమ్మిది పాళ్ళు అయినవి మాత్రం షెడ్డు నిండా ఉన్నాయి.

ఆ షెడ్డు తెనాలిలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు కారు కోసమని వేయించింది. కారు రాలేదు. దాని బదులు మావారు శాలేమురాజు గారు ఊళ్ళో ఉన్న పాత ఇనుమంతా ఒక్కొక్కటిగా చేర్చారు. ఒక మోపెడ్, పొలాల్లో మందు కొట్టే మిషను తాలూకు ఇంజను, ధాన్యం ఎగరబోసే ఫ్యాను, ఎవరో పారేస్తుంటే మోసుకొచ్చిన పవర్ టిల్లరు ముందు సగం. వీటన్నిటి మధ్య, పాత దుప్పటి కప్పుకుని, మా మామగారి స్కూటరు. ప్రతిదానికీ ఒక్కటే తక్కువ. దీనికి ప్లగ్గు, దానికి బెల్టు, ఇంకోదానికి ఏదో వాషరు. "ఒక్క పార్టు పడితే అయిపోయినట్టే స్నేహా" అంటారాయన. ఆ మాట వినీ వినీ నా జుట్టు నెరిసింది గాని ఆ ఒక్కటీ పడలేదు.

ఆయనకి బాపట్లలో ఒక కాలేజీ వర్క్‌షాపులో ఉద్యోగం. పొద్దున రైలెక్కి వెళ్తారు, సాయంత్రం రైలు దిగి వస్తారు. అక్కడ రోజంతా యంత్రాలే, ఇంటికొచ్చాకా యంత్రాలే. కాఫీ తాగి, చొక్కా మార్చి షెడ్డులో దూరారంటే అన్నానికి మూడుసార్లు పిలవాలి. నేను నందివెలుగు బడిలో టీచర్ని. ఆటోలో పోయి ఆటోలో వస్తాను. ఇంటికి చేరేసరికి కాళ్ళు నావి కావు. అప్పుడు మొదలవుతాయి మా అత్తగారి స్నానం, మందులు, వంట, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు. షెడ్డులోంచి సుత్తి చప్పుడు వినబడుతుంటే, ఆ సుత్తి తీసుకుని ఒకరి నెత్తిన వెయ్యాలనిపించిన రోజులున్నాయి. ఎవరి నెత్తినో వేరే చెప్పక్కర్లేదు కదా.

అయినా స్కూటరు విషయంలో మాత్రం నేను నోరెత్తేదాన్ని కాదు. అది మా అత్తగారి కోసం.

మా అత్తగారి పేరు సారమ్మ. మామగారు ముత్తయ్య మాస్టారు రేపల్లె దగ్గర నగరం అనే ఊరి పక్కన ఒక పల్లెలో మిషను బడిలో పంతులు. ఆ ఊళ్ళో మొదటి స్కూటరు ఆయనదేనట. ఆదివారం ఆరాధనకి అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని చర్చి గుడికి తీసుకెళ్ళేవారట. గుడి వాళ్ళ ఇంటికి ఎదురుగానే ఉన్నా, ఊరంతా ఒక చుట్టు తిప్పి మరీ తీసుకెళ్ళేవారట. ఆయన పోయాక ఆ స్కూటరు మా షెడ్డుకి చేరింది. ఆరేళ్ళ కిందట అత్తగారికి పక్షవాతం వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాం. డాక్టరు మావారిని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళండి, ఉంటే మహా అయితే కొన్ని నెలలు అన్నాడు. ఆవిడ బతికింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగా రాలేదు గాని నోరు మాత్రం పూర్తిగా వచ్చింది.

స్కూటరు వెనక కూర్చునే ఓపిక ఆవిడకి లేదు. అందుకని దాని పక్కన ఒక తొట్టి బిగించి, అందులో కూర్చోబెట్టి మన ఊరి గుడికి తీసుకెళ్తానమ్మా అని మావారు మాటిచ్చారు. ఆ తొట్టి చేసింది మస్తాన్‌రావు అన్నయ్య. ఆయనది రేపల్లె. తాతల నాటి నుంచీ సముద్రం మీద బతికిన కుటుంబం. ఆయన వేటకి పోవడం మానేసి బోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు, ఫైబరు పడవలకి చిల్లులు పూడుస్తాడు. ఆయనకీ మావారికీ స్నేహం ఎలా కుదిరిందంటే, ఇద్దరిదీ ఒకటే జబ్బు. శనివారం సాయంత్రం సంచీ నిండా పానాలు వేసుకుని రేపల్లె రైల్లో వస్తాడు, ఆదివారం సాయంత్రం మళ్ళీ రైలెక్కుతాడు. పడవలు చేసే చెయ్యి కదా, తొట్టి కూడా పడవలాగే వచ్చింది. ముందు కొస పైకి తేలి, ఒళ్ళంతా నీలం రంగు, అంచున ఎర్ర గీత.

"ఇది బండి కాదురా, దోనె" అని నవ్వింది అత్తగారు. అప్పటినుంచీ అది దోనె బండి.

దోనె బిగించి నాలుగేళ్ళయింది. రంగు రెండుసార్లు వేశారు. బండి మాత్రం గేటు దాటలేదు.

పోయిన నవంబరులో ఒక సాయంత్రం స్నానం చేయిస్తుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మాయ్, ఈసారి కోతపండక్కి నేను మన ఊరి గుడికి వెళ్ళాలి."

"కారు మాట్లాడతాను అత్తయ్యా. హాయిగా వెళ్ళొద్దాం."

"కారులో అద్దాలు బిగించి తీసుకెళ్తే పేషెంటుని తీసుకెళ్ళినట్టుంటదే. మీ మామయ్య బండి మీద పోవాలి నేను. వచ్చే ఏడు కూర్చోగలనో లేదో. ఇప్పటికే నడుం నిలవట్లా."

అబద్ధం కాదు. ఆ సంవత్సరం ఆవిడ బాగా తగ్గిపోయింది. వెనక దిండు లేకుండా అరగంట కూర్చోలేకపోతోంది. దోనె బండి ఈ కోతపండక్కి కదలకపోతే ఇక ఆవిడకి ఆ ప్రయాణం లేనట్టే. ఆ మాట పైకి అనలేదు నేను. సబ్బు కడిగేసి, ఒళ్ళు తుడిచి, పడుకోబెట్టి, తిన్నగా మస్తాన్‌రావు అన్నయ్యకి ఫోను చేశాను.

"ఆ బండికి ఏం తక్కువో చెప్పన్నయ్యా. విజయవాడ పోయైనా నేనే కొనుక్కొస్తాను."

అవతల అన్నయ్య గొంతు తగ్గించాడు.

"ఏం తక్కువ లేదు చెల్లెమ్మా. నీకు చెప్పకూడదనుకున్నా. ఆదివారం నేను క్లచ్ వైరు బిగించి, స్టార్టు చేసి చూసుకుని రైలెక్కుతా. మళ్ళీ శనివారం వచ్చేతలికి ఆ వైరు ఊడి ఉంటది. రెండేళ్ళ నుంచీ ఇదే వరస. ఎలకల పని అనుకుందామంటే, ఎలకలకి స్క్రూడ్రైవరు పట్టుకోడం రాదు కదమ్మా."

మా వంటింటి కిటికీలోంచి షెడ్డు కనిపిస్తుంది. ఇన్నేళ్ళుగా అటు చూడబుద్ధి కాక చూడలేదంతే. ఆ ఆదివారం అన్నయ్య రైలుకి వెళ్ళగానే లైటు వెయ్యకుండా కిటికీ దగ్గర నిలబడ్డాను. మావారు గేటు వేసి వచ్చారు. దుప్పటి తీశారు. స్కూటరు పక్కన గొంతుక్కూర్చుని, తాపీగా, ఏ తొందరా లేకుండా క్లచ్ వైరు వదులు చేశారు. దాని చివర బిగించే చిన్న ఇత్తడి గుండీ ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నారు. మళ్ళీ దుప్పటి కప్పారు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను.

"ఏంటండీ అది?"

పరీక్షలో స్లిప్పుతో దొరికిన పిల్లాడి మొహం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అచ్చం అలాగే ఉంది ఆయన మొహం.

"మొక్కుకున్నాను స్నేహా" అన్నారు జేబు మీద చెయ్యేసుకుని.

మా క్రైస్తవుల్లో కోతపండుగ అంటే అందరికీ తెలిసిందే. పండిన మొదటి వరి పన, కాసిన మొదటి గుమ్మడికాయ, పెట్ట పెట్టిన మొదటి గుడ్డు దేవుడిది. గుడికి తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వేలంపాట పాడతారు. పొలం లేనివాళ్ళూ ఊరుకోరు. దర్జీ అయితే ఒక జాకెట్టు కుట్టి తెస్తాడు. ఆరేళ్ళ కిందట గుంటూరు ఆసుపత్రి వరండాలో, డాక్టరు ఆ మాట చెప్పి వెళ్ళిన రోజున, మావారు అనుకున్నారట: నాకు పొలమూ లేదు, పాడీ లేదు. నా పంటల్లా ఆ షెడ్డే. అమ్మని లేపితే, అందులోంచి మొదట బయటికి నడిచొచ్చే బండి నీది.

"అప్పుడు పని పూర్తవడంలో మోపెడ్డే ముందుంది. స్కూటరు ఇంకా పార్టుల గుట్టగా పడి ఉంది" అన్నారు నేల చూస్తూ.

నాకు కోపం ఆగలేదు. ఆరేళ్ళ సుత్తి చప్పుడు ఒక్కసారిగా చెవుల్లోకి వచ్చింది.

"అయితే మీ నాన్న బండి ఎక్కడ ఇచ్చెయ్యాల్సొస్తుందోనని మీ అమ్మని గేటు దాటనివ్వలేదన్నమాట! మనుషుల దగ్గర పిసినారితనం చూశాను గాని దేవుడి దగ్గర కూడానా?"

ఆయన బండి మీద దుప్పటి అంచు సర్దుతున్నారు.

"పోనీ ఆ మోపెడ్ పూర్తి చేసి ముందు దాన్ని ఇచ్చెయ్యండి. మొక్కు తీరిపోతుంది, స్కూటరు మనకి మిగులుతుంది. మీ అమ్మ కోరికా తీరుతుంది."

ఆయన మోపెడ్ వంక చూశారు, నా వంక చూశారు, తల దించుకున్నారు. అదేమిటో నాకు అంతుపట్టలేదు. తుప్పుపట్టిన మోపెడ్ ఇవ్వడానికి కూడా మనసు రాని మనిషితోనా పాతికేళ్ళు కాపురం చేశానని ఏడుపొచ్చింది.

"నా కోసం మొక్కిందే కదరా రాజూ."

అత్తగారు. ఆవిడ మంచం ఉన్న గది కిటికీ షెడ్డు వైపే ఉంది. మేమిద్దరం ఆ సంగతే మర్చిపోయాం.

"మొక్కినోడివి ఇవ్వాలా వద్దా? మోపెడ్ ఎందుకు, ఆ బండే ఇచ్చెయ్. మంచిదే ఇవ్వాలి. ఇవ్వాలంటే అక్కడిదాకా తోలుకెళ్ళాలి కదా, చెరుకుపల్లి మీదుగా తోసుకుంటా పోతావా? నేను దోనెలో కూర్చుంటా. గుడికాడ నన్ను దించు, బండి అక్కడ వదిలెయ్. నాకు ఒక్కసారి చాలు."

"వద్దమ్మా" అన్నారాయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఈ ఏడు వద్దమ్మా."

"నీకు వద్దేమో. నాకు కావాలి" అంది అత్తగారు. ఇంక ఆ ఇంట్లో ఆ మాటకి తిరుగులేదు.

కోతపండుగ జనవరి ఆఖరి ఆదివారం. అప్పటిదాకా ఆయన బండి పని చేస్తూనే ఉన్నారు గాని, చేతుల్లో ఉత్సాహం లేదు. అన్నానికి ఒక్కసారి పిలిస్తే వచ్చేస్తున్నారు. కంచం ముందు కూర్చుని అమ్మ గది వైపు చూస్తున్నారు. ఇంత మాయ ఏమిటి ఈ మనిషికి ఒక బండి మీద అనుకున్నాను. జాలి పడాలో తిట్టాలో తెలియక రెండూ మానేసి పేపర్లు దిద్దుకున్నాను. పండుగ ముందు శనివారం మస్తాన్‌రావు అన్నయ్య వచ్చి వైరు బిగించి, నా వంక చూసి, "ఈ రాత్రికి ఎలకలు రావుగా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అన్నయ్య రాత్రి రైలుకే వెళ్ళిపోయాడు, గుడి దగ్గర కలుస్తానని.

ఆదివారం మంచు విడవకముందే బయల్దేరాం. అత్తగారికి తెల్ల చీర కట్టి, చెవులకి మఫ్లరు చుట్టి, వెనకా పక్కలా దిండ్లు కుక్కి దోనెలో కూర్చోబెట్టాను. నేను స్కూటరు వెనక. మూడో కిక్కుకే స్టార్టయింది. ఆరేళ్ళలో ఒక్క పార్టూ తక్కువ లేని బండిలా కదిలింది. గేటు దాటుతుంటే అత్తగారు కుడిచెయ్యి చాచి స్కూటరు డొప్పని తట్టింది, దూడని తట్టినట్టు.

దారి పొడుగునా కోసేసిన చేలల్లో మినుము పచ్చగా మొలిచి ఉంది. మేము ఎద్దుబండి కంటే కొంచెం నయంగా పోతున్నాం. ఆటోలు, బస్సులు దాటిపోతూ మా దోనె వంక చూసి హారన్లు కొడుతున్నాయి. అత్తగారు ఒక్కొక్కరికీ చెయ్యి ఊపుతోంది. చెరుకుపల్లిలో ఆగి టీ తాగించాం. "నడుం నొప్పా అత్తయ్యా?" అంటే, "నొప్పే. పోనియ్యి, పోనియ్యి" అంది. ఆ తరవాత పాట అందుకుంది. ఇంజను చప్పుడులో పాట నాకు సగమే వినబడింది. గాలికి ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు పోతున్నాయి. అది గాలేనా అని నేను అడగలేదు.

ఊళ్ళోకి రాగానే మావారు గుడి దగ్గర ఆపలేదు. ఊరంతా ఒక చుట్టు తిప్పారు. చెరువు కట్ట, మిషను బడి, పాత ఇంటి జాగా, మళ్ళీ గుడి. ఎవరూ ఆయనకి చెప్పలేదు అలా చెయ్యమని. అత్తగారు మఫ్లరు కొసతో మొహం తుడుచుకుంది.

గుడి గుమ్మానికి వరి పనలు కట్టారు. లోపల గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, గుడ్ల అట్టలు. మా బండిని లోపలికి తోసుకెళ్తుంటే పిల్లలంతా నవ్వారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ మావారు దాని హ్యాండిలు వదల్లేదు.

వేలంపాటకి ఏ మతం వాళ్ళైనా వస్తారు. బయట చెట్టు కింద గుమ్మడికాయలు పోయాయి, కోళ్ళు పోయాయి, బండి వంతు వచ్చింది. పెద్దమనిషి మొదటి పాట అడగ్గానే నా చెయ్యి దానంతట అదే లేచింది. పక్కనే కుర్చీలో ఉన్న అత్తగారు నా మోచెయ్యి పట్టి కిందికి లాగింది. ఆ కుడిచేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు.

"ఇచ్చింది మళ్ళీ అడగకూడదమ్మాయ్."

వెనక ఎత్తబోతున్న మస్తాన్‌రావు అన్నయ్య చెయ్యి కూడా ఆ మాటకి ఆగిపోయింది.

పాట పాడుకున్నది గంగరత్నం అని, ఊరూరా చేపలు అమ్మే ఆవిడ. దోనెలో ఐసు పెట్టె సరిగ్గా పడుతుందని కొలిచి చూసుకుని మరీ పాడింది. ఆవిడ కొడుకు నాని, ముప్ఫై ఏళ్ళ మనిషి, బండెక్కి కూర్చున్నాడు. అప్పుడు మావారు నోరు తెరిచారు. ఇంట్లో రోజుకి నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఆగకుండా మాట్లాడారు.

"పొద్దున పూట చోకు లాగి రెండు కిక్కులు ఖాళీగా కొట్టాలి బాబూ, మూడోదానికి అందుకుంటది. పెట్రోల్లో ఆయిల్ తగ్గించొద్దు. రెండో గేరు కొంచెం గట్టి, బలవంతం చెయ్యమాక, వదిలి మళ్ళీ వెయ్యి. ఎడమ పక్క మలుపులో నిదానించు, దోనె ఖాళీగా ఉంటే లేస్తది. ఉప్పునీళ్ళు పడితే సాయంత్రం మంచినీళ్ళతో కడుగు. క్లచ్ వైరు ఊడిపోద్దేమోనని భయపడొద్దు. అది ఊడదు. దానంతట అది ఎప్పుడూ ఊడలేదు."

ఆ చివరి మాట అని ఆయన హ్యాండిలు వదిలేశారు. గంగరత్నం కొంగుతో దోనె అంచు తుడిచి, "బాగా చూసుకుంటాం అన్నయ్యా" అంది.

మస్తాన్‌రావు అన్నయ్య మాట్లాడిన ఆటోలో తిరిగొచ్చాం. అత్తగారు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. మావారు డ్రైవరు పక్కన కూర్చుని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నారు. రోడ్డు మీద బండి కనిపిస్తుందేమోనని చూస్తున్నారనుకున్నాను. నాకు ఒళ్ళంతా నొప్పులు. ఇంటికొచ్చి, అత్తగారికి మజ్జిగన్నం పెట్టి, పడుకోబెట్టి, నేను పడ్డదాన్ని పడ్డట్టే నిద్రపోయాను.

తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి పక్కన ఆయన లేరు. అలవాటుగా షెడ్డు వైపు చూశాను. చీకటిగా ఉంది. ఆయన అత్తగారి గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. నిన్నటి చొక్కా ఇంకా మార్చలేదు.

"ఏంటండీ? ఎప్పటినుంచి నిలబడ్డారిక్కడ?"

నా వైపు తిరగలేదు. అమ్మ మీద కప్పిన దుప్పటి వైపే చూస్తున్నారు. అది పైకి లేస్తోందా, లేదా అని.

"మొక్కు తీరిపోయింది కదా స్నేహా" అన్నారు చిన్నగా. "మొక్కు బాకీ ఉన్నన్నాళ్ళూ దేవుడు అమ్మని తీసుకుపోడు అనుకున్నాను. అందుకే దేన్నీ పూర్తి కానివ్వలేదు. ఇప్పుడింక నా దగ్గర ఏం లేదు."

 పిసినారి అన్నాను ఈ మనిషిని. మోపెడ్ ఎందుకివ్వలేదో, టిల్లరుకి బెల్టు ఎందుకు పడలేదో, వాషరు ఎందుకు దొరకలేదో అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆరేళ్ళుగా దేన్నీ పూర్తి కానివ్వకుండా, రెండేళ్ళుగా వారం వారం ఒక ఇత్తడి గుండీ జేబులో వేసుకుని తల్లిని కాపలా కాశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. గ్రీజు వాసన. ఆ వాసనంటే నాకు అసహ్యం. ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు.

దుప్పటి కదిలింది.

"ఉన్నాను లేరా" అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే. "నా నడుం విరిగింది గాని నేను ఉన్నాను. గుమ్మంలో నిలబడి ఏం చేస్తావు, పోయి ఆ మోపెడ్ సంగతి చూడు. ఈసారి పూర్తిగా బిగించు."